బ్యాటరీలో ఎంత ఉంది?

చాల్మియావ్రి మునిసిపాలిటీ పరిధిలో ఏ స్కూటర్‌కూ బ్యాటరీ ఛార్జింగ్ సమస్య లేదని ఏప్రిల్ పద్నాలుగో తేదీన అధికారికంగా తేలింది. ఆ ప్రకటన నకలు ఒకటి రావ్‌నా ఇంటికి కూడా వచ్చింది. అది చేరే వేళకు ఆమె స్కూటర్ గుమ్మం ముందు మంచులో స్టార్టు కాకుండా నిలబడి ఉంది. ఈ రెండింటికీ పొంతన లేదని శంకించేవారి కోసం ప్రకటన రెండో పేజీలో ఒక వాక్యం చేర్చారు. "వ్యక్తిగత అనుభవాల వల్ల పై నిర్ధారణ మారదు."

చాల్మియావ్రిలో స్కూటర్ అంటే మంచు మీద పోయేది. ముందు జారే రెండు స్కీ పలకలు, వెనక రబ్బరు పట్టా. నార్వే ఉత్తరపు కొసన రెయిన్‌డీర్ జింకలను మేపుకునే సామీ తెగ కుటుంబాలకు అది లేకపోతే కాళ్లు లేనట్టే.

రావ్‌నాకు యాభై ఎనిమిదేళ్లు. భర్త పోయి ఆరేళ్లయింది. మంద ఆమెది, పనీ ఆమెదే. ఏటా వసంతంలో లువొస్సా నది గడ్డకట్టి ఉండగానే మందను అవతలి గట్టుకు దాటించాలి. ఆడజింకలు చూలుతో ఉంటాయి. అవతలి కొండవాలు మీద మంచు ముందుగా కరిగి నేల బయటపడుతుంది. అవి అక్కడ ఈనుతాయి. నది మీది మంచు విరిగేలోగా దాటకపోతే ఇవతలే ఈనాలి. ఇవతల మేత అయిపోయింది. రోడ్డుంది, దాని మీద లారీలున్నాయి. ఆమె పెళ్లయిన కొత్తలో ఒక ఏడాది అలా జరిగింది. ఆ ఏటి పిల్లల్లో మరుసటి శీతాకాలం చూసినవి ఎన్నన్నది ఆమెకు గుర్తుంది. ఎవరికీ చెప్పలేదు.

ఈసారి నది మంచుకు ఏప్రిల్ ఇరవై ఆరు దాకానే నూకలున్నాయని గట్టున పుట్టి పెరిగినవారంతా ఒప్పుకున్నారు. వాళ్లంతా ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి కాబట్టి రావ్‌నా నమ్మింది.

స్కూటర్ సంగతి జనవరిలో మొదలైంది. మునిసిపాలిటీ 'సురక్షిత కాపరి పథకం' ప్రారంభించింది. పాత స్కూటర్ అప్పగించినవారికి కొత్తది ఇస్తారు. పాతవాటిని తాడు లాగి స్టార్టు చేయాలి. తాడు లాగితే భుజం పట్టేస్తుందని, భుజం పట్టిన కాపరి జాతికి నష్టమని మునిసిపాలిటీ భావించింది. కొత్తవాటికి తాడు లేదు. మీట నొక్కితే చాలు, బ్యాటరీ ఇంజన్ను తిప్పుతుంది. ముప్పై ఏడు కుటుంబాలు పాతవి తెచ్చి అప్పగించాయి. ఎవరూ మనసు మార్చుకునే అవస్థ పడకుండా వాటిని అదే రోజు నుజ్జు చేయించారు.

కొత్త స్కూటర్‌కు చేతిపిడులు వేడెక్కుతాయి. సీటు వేడెక్కుతుంది. బొటనవేలితో వేగం పెంచే మీట కూడా వేడెక్కుతుంది. వెనక కర్ర మీద పసుపు దీపం తిరుగుతుంది. సీటు కింద ఒక నల్ల పెట్టె ఉంది. దాని మీద 'భద్రత' అని రాసి, సీలు వేసి ఉంది. సీలు తీస్తే స్కూటర్ వెనక్కి తీసుకుంటారు. ఆ పెట్టె ఏం చేస్తుందని ఎవరూ అడగలేదు. భద్రత గురించి ప్రశ్నలు వేసేవారిని ఏ దేశంలోనూ భద్రమైన మనుషులుగా చూడరని పాఠకులకు తెలుసు. అదే ఊపులో జింకల చెవులకు ప్లాస్టిక్ బిళ్లలు కూడా మునిసిపాలిటీ వారే వచ్చి ఉచితంగా తగిలించి వెళ్లారు.

ప్రారంభ సభలో మేయర్ గున్వోర్ స్టైన్‌హౌగ్ మాట్లాడింది. "ఈ రోజు నుంచి చాల్మియావ్రిలో ఏ కాపరీ ఒంటరివాడు కాదు. మంచులో మీరు ఎక్కడ ఉన్నా, ఏ వేళలో ఉన్నా, మునిసిపాలిటీ మీ సీటు కిందే ఉంటుంది." సభికులు చప్పట్లు కొట్టారు. అందరికీ ఉన్ని తొడుగులు ఉండడంతో చప్పుడు రాలేదు. పథకం మౌనంగా, ఏకగ్రీవంగా ఆమోదం పొందినట్టు నమోదైంది.

ఫిబ్రవరి రెండో వారానికి రావ్‌నా స్కూటర్ బ్యాటరీ దిగిపోవడం మొదలైంది. పొద్దున ఎక్కించిన ఛార్జింగ్ మధ్యాహ్నానికి ఉండేది కాదు. మంద వెనక పనంటే పరుగు కాదు. జింకలు నడుస్తాయి, స్కూటర్ వాటి వెనకే నడకన పోవాలి. అదీ ఏకబిగిన కాదు. నాలుగు బారలు పోయి ఇంజను ఆపాలి. ఆపి వినాలి. మందలో ఎటువైపు కదలిక ఉంది, ఏ జింక విడిపోయింది, మెడలో గంట ఉన్న పెద్దజింక ఎటు తిరిగింది, ఇవన్నీ చెవికే తెలుస్తాయి. విన్నాక మళ్లీ మీట నొక్కాలి. రోజుకు నలభైసార్లు నొక్కాలి. పన్నెండో పదమూడోసారికి స్కూటర్ 'టిక్కు' మని ఊరుకునేది.

మరిది హేయికా రోజూ వచ్చి తన బ్యాటరీ నుంచి ఆమె బ్యాటరీకి తీగలు తగిలించి స్టార్టు చేసి పోయేవాడు. అతని దగ్గర వోల్టులు కొలిచే మీటరు ఉంది. మొదటిరోజే ఇంజను నడుస్తుండగా బ్యాటరీకి పెట్టి చూశాడు.

"ఎలా ఉంది?" అంది రావ్‌నా.

"ఉందిలే వదినా. మరీ లేకపోలేదు."

అని, మీటరు అద్దాన్ని అరచేత్తో మూసి జేబులో వేసుకున్నాడు.

ఇందులో హేయికాను తప్పుపట్టడానికి లేదు. అతను పెంపకం ఉన్న మనిషి. జింకలున్నవాణ్ని 'నీకెన్ని ఉన్నాయి' అని అడగడం అక్కడ లేదు. అడిగినవాడికి పెంపకం లేదు, చెప్పినవాడికి బుద్ధి లేదు. ఎక్కువ చెబితే గొప్ప, తక్కువ చెబితే దేబిరింపు, సరిగ్గా చెబితే దిష్టి. జింకల దగ్గర పుట్టిన ఈ మర్యాద కాలక్రమాన కట్టెలకీ, ఎండుమాంసానికీ, పెట్రోలుకీ పాకింది. ఇప్పుడు వోల్టుల దాకా వచ్చింది. హేయికా వదిన బ్యాటరీలో ఎంత ఉందో చూశాడు. ఉన్నది తక్కువని చూశాడు. ఒక ఆడమనిషి లేమిని ఆమె ముఖం మీదే అంకెల్లో చెప్పడానికి అతనికి నోరు రాలేదు. చెప్పి ఉంటే ఈ సంగతి ఫిబ్రవరిలోనే ముగిసేది. రావ్‌నా మళ్లీ అడిగినా ముగిసేది. ఆమె కూడా పెంపకం ఉన్న మనిషే.

మార్చి మూడున ఆమె మునిసిపాలిటీకి ఫిర్యాదు రాసింది. ఫిర్యాదులు వస్తాయని ముందే ఊహించిన మునిసిపాలిటీ 'ఛార్జింగ్ సమస్యల నిర్ధారణ సంఘం' ఏర్పాటు చేసి ఉంచింది. సంఘంలో ఐదుగురు సభ్యులు. వారిలో ఒకరు ఒకప్పుడు స్కూటర్ ఎక్కారు, వెనక సీటు మీద. మొదటి సమావేశం 'ఛార్జింగ్' అన్న మాటకు నిర్వచనం ఖాయం చేసింది. రెండో సమావేశం 'సమస్య' అన్న మాట మునిసిపాలిటీ పరువుకు భంగమని, దాని బదులు 'ఛార్జింగ్ అవకాశం' అనాలని తీర్మానించింది. మూడో సమావేశంలో బ్యాటరీల గురించి ఒక సభ్యుడు మాట్లాడబోగా, అది ఎజెండాలో లేదని అధ్యక్షుడు ఆపాడు.

ఆ తర్వాత సంఘం శాస్త్రీయ పద్ధతికి దిగింది. ముప్పై ఏడు కుటుంబాలకూ ఒక ఫారం పంపింది. ప్రజల భాష మీద గౌరవంతో ఫారాన్ని సామీలోకి మార్పించింది. మార్చిన ఉద్యోగి ఆ భాషను రాజధానిలో ఆరు వారాలు నేర్చుకుని వచ్చాడు. నాలుగో గడిలో అసలు ప్రశ్న 'బ్యాటరీలో ఎంత ఉంది' అన్నది. అతని చేతిలో అది 'మీకు ఎంత ఉంది' అయింది.

ముప్పై ఏడు ఇళ్లలో ఆ ఫారం చదివి పెద్దవాళ్లు కళ్లజోళ్లు తీసి బల్ల మీద పెట్టారు. కొందరు ఫారాన్ని పిల్లలకు కనపడకుండా బోర్లించారు. ఆఫీసు కాగితానికి జవాబివ్వకపోవడం కూడా అమర్యాదే. అందుకని ముప్పై ఏడుగురూ, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే, ఆ గడిలో ఒకే మాట రాశారు. 'ఉంది.' రావ్‌నా కూడా అదే రాసింది. రాసి, ఎందుకైనా మంచిదని 'కొద్దో గొప్పో' అని చేర్చింది.

సంఘం లెక్క చూసింది. ముప్పై ఏడు బ్యాటరీలు. ముప్పై ఏడింటిలోనూ ఉంది. ఒకదానిలో కొద్దో గొప్పో ఉంది. నూటికి నూరు శాతం. ఏప్రిల్ పద్నాలుగు ప్రకటన అలా వెలువడింది. ఇంతటి ఏకాభిప్రాయం మరే విషయంలోనూ రాలేదని మేయర్ సంఘాన్ని అభినందించింది.

ప్రకటన మీద రావ్‌నా అభ్యంతరం రాసింది. అభ్యంతరం వస్తే సాంకేతిక సలహాదారు స్వయంగా వచ్చి అభ్యంతరం లేదని తేల్చాలని నిబంధన ఉంది. పంతొమ్మిదో తేదీన ఉల్రిక్ ఫ్లాతెబో అనే సలహాదారు వచ్చాడు. దక్షిణాది మనిషి. బూట్లు విప్పి లోపలికి వచ్చి, కాఫీ తాగి, ఎండుమాంసం నమిలి, మళ్లీ బూట్లు తొడుక్కున్నాడు. హేయికాను పిలిపించి స్కూటర్ స్టార్టు చేయించుకున్నాడు. చేతిపుస్తకంలో రాసి ఉన్న వేగం చూసుకుని, గడ్డకట్టిన చెరువు మీద ఈ కొస నుంచి ఆ కొసకు డెబ్భై కిలోమీటర్ల వేగంతో రెండుసార్లు పోయివచ్చాడు. ఇంజను ఆపకుండానే తన మీటరు పెట్టి చూశాడు.

"చూడండమ్మా, పద్నాలుగు పాయింట్ మూడు. నాకే లేదు ఇంత ఆరోగ్యం."

అంకె అలా బాహాటంగా చెప్పేసరికి హేయికా చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు.

"నేనంత వేగం పోను," అంది రావ్‌నా. "మంద వెనక పోవాలి. చూలుజింకలు."

"పోయి చూడండి. వాటికీ అలవాటవుతుంది."

"మాటిమాటికీ ఆపుతాను కూడా."

"ఎందుకు ఆపడం?"

"వినాలి కదా."

ఫ్లాతెబో దాన్ని రాసుకున్నాడు. 'ఇంజను చప్పుడు వినియోగదారుకు నచ్చడం లేదు.' తర్వాత నిర్ధారణ చదివి వినిపించాడు. స్కూటర్ ఆరోగ్యంగా ఉంది. బ్యాటరీ ఆరోగ్యంగా ఉంది. డైనమో ఆరోగ్యంగా ఉంది. వినియోగదారు నెమ్మదిగా ఉంది. రోజూ సాయంత్రం ఒక గంట చెరువు మీద డెబ్భై కిలోమీటర్ల వేగంతో తిరిగితే బ్యాటరీ నిండుతుంది. ఆ గంటకు కావలసిన పెట్రోలు పథకంలో లేదు.

ఈ సిఫారసు మర్నాడు ఉత్తరంగా వచ్చింది. అదే కవరులో ఇంకో ఉత్తరం ఉంది. చూలుజింకలు ఉన్న ప్రాంతంలో ఏ వాహనమూ పది కిలోమీటర్ల వేగం దాటరాదని, దాటితే శిక్షార్హమని అదే ఆఫీసులోని పశురక్షణ విభాగం రాసింది. కాగితం ఆదా చేయడానికి రెండూ ఒకే కవరులో పంపామని పైన ముద్ర వేశారు.

ఆ రోజు ఏప్రిల్ ఇరవై. మర్నాడు పొద్దున్నే హేయికా తన మందను తోలుకుని నది దాటిపోతున్నాడు. అతని జింకలు ముందు నడిచి బాట వేస్తే, ఇరవై నాలుగు గంటలు పోయాక, ఆ మందా ఈ మందా కలవకుండా రావ్‌నా బయలుదేరాలి. ఏటా అదే పద్ధతి. ఈసారి తేడా ఏమిటంటే, మరిది పోయాక ఆమెకు తీగలు తగిలించేవాడు ఉండడు. స్కూటర్ గుమ్మం ముందు ఆగితే నవ్వులాటే. నది నడిమధ్య ఆగితే మంద వెనక్కి తిరుగుతుంది. ఒకసారి వెనక్కి తిరిగిన మంద అదే మంచు మీద మళ్లీ కాలు పెట్టడానికి నాలుగైదు రోజులు పడుతుంది. నది దగ్గర అన్ని రోజులు లేవు.

మధ్యాహ్నం హేయికా చివరిసారి తీగలు తగిలించాడు. స్కూటర్ నడకవేగానికి తగ్గట్టు గురగురలాడుతోంది. అతను అలవాటుగా మీటరు పెట్టి, అలవాటుగా అరచేత్తో మూయబోయాడు.

"హేయికా, ఎంత?" అంది రావ్‌నా.

అతను చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. "ఇంత వయసొచ్చి ఇదేం అడగడం వదినా."

"నీ మంద సంగతి అడిగానా? బ్యాటరీ సంగతి."

"ఏదైతేనేం. ఉన్నదాని సంగతేగా."

"రేపు నువ్వుండవు. నది మధ్యలో ఇది టిక్కుమంటే, ఆ తర్వాత నన్ను ఎవరు అడిగినా దాచుకోవడానికి నా దగ్గర లెక్కే ఉండదు. చెప్పు."

హేయికా ఆలోచించాడు. నోటితో చెప్పలేదు. మోకాళ్ల మీద కూర్చుని, తొడుగు తీసి, మంచు మీద వేలితో రాశాడు. 12.1. ఆమె చదివిందని తెలియగానే బూటుతో చెరిపేశాడు.

"ఆయన చెరువు మీద పోతే పద్నాలుగు దాటింది," అంది ఆమె. "నడకలో పన్నెండు. డైనమో ఇస్తోంది. ఇచ్చింది ఇచ్చినట్టే ఎవరో తినేస్తున్నారు."

"ఎవరు?"

"అదే చూద్దాం. ఒక్కొక్కటీ ఆపుతాను. నువ్వు రాస్తూ ఉండు."

ఆమె సీటు వేడి ఆపింది. 12.3. చేతిపిడుల వేడి, మీట వేడి ఆపింది. 12.4. వెనక తిరిగే దీపం తీగ ఊడదీసింది. 12.5. ప్రతి అంకెనూ హేయికా రాయడం, చెరపడం. అక్కడి మంచు గట్టిపడి నేలలా అయింది. ఇక ఆపడానికి మీటలు లేవు. రావ్‌నా సీటు ఎత్తింది. నల్ల పెట్టె మూల నుంచి సన్నగా వెచ్చదనం వస్తోంది. దానికి ఎవరూ వేడి పెట్టలేదు.

"వదినా, సీలు," అన్నాడు హేయికా. "బండి పట్టుకుపోతారు."

"నది విరిగాక పట్టుకుపోనీ. అప్పుడు నాకు పడవ కావాలి, స్కూటర్ కాదు."

నడుముకున్న కత్తి తీసి సీలు కోసింది. లోపల ఒకే ఒక ఫ్యూజు ఉంది. గోటితో పీకింది. హేయికా మీటరు చూసి, మంచు మీద 13.6 అని రాసి, అలాగే కూర్చుండిపోయాడు. చెరపడం మరిచిపోయాడు.

రావ్‌నా ఇంజను ఆపింది. మీట నొక్కింది. స్టార్టయింది. ఆపింది. నొక్కింది. పదిహేనుసార్లు ఆపి పదిహేనుసార్లు నొక్కింది.

"నీ బండిలోనూ ఈ పెట్టె ఉందిగా," అంది. "నీది రోజూ ఎలా నడుస్తోంది?"

హేయికా కాసేపు తొడుగులు సర్దుకున్నాడు. తర్వాత తన స్కూటర్ వెనక కట్టిన స్లెడ్జి బండి దగ్గరికి వెళ్లి, కప్పి ఉన్న జింకతోలు ఎత్తి చూపించాడు. కింద ఒక లారీ బ్యాటరీ ఉంది. ఇన్నాళ్లూ అతను తీగలు తగిలించింది దానికే.

"అయితే నీదీ ఇంతేనన్నమాట. మిగతావాళ్లదో?"

"ఏమో. అందరూ స్లెడ్జిలో ఏదో ఒకటి కప్పుకునే తిరుగుతున్నారు. ఏముందని ఎలా అడుగుతాం?"

నీదీ పీకెయ్యమని రావ్‌నా అంది. తనకు లారీ బ్యాటరీ ఉందిగదా, సీలుతో పేచీ ఎందుకని అతను తోలు మళ్లీ కప్పేశాడు.

మార్చి మూడున రాసిన ఫిర్యాదుకు జవాబు రావడానికి ఆరు వారాలు పట్టిందని పైన చెప్పుకున్నాం. దాన్నిబట్టి మునిసిపాలిటీ నెమ్మది అనుకోవడం పొరపాటు. ఫ్యూజు పీకిన పదకొండో నిమిషంలో రావ్‌నా ఫోను మోగింది.

"అమ్మా, ఫ్లాతెబోని. మీ మందకు ఏమైంది? తెర మీద సున్నా చూపిస్తోంది."

అప్పుడు రావ్‌నాకు పెట్టె పని తెలిసింది. అది అర నిమిషానికోసారి మందలోని ప్రతి చెవిబిళ్లనూ పేరుపేరునా పిలుస్తోంది. పలికినవాటిని లెక్కబెట్టి ఆఫీసుకు పంపుతోంది. ఇంజను నడిచినా ఆగినా, ఆమె ఎక్కినా దిగినా మానలేదు. జనవరి నుంచి ఆమె కూర్చున్న సీటు కింద నుంచి ఒకరు రేయింబవళ్లు 'నీకెన్ని ఉన్నాయి, నీకెన్ని ఉన్నాయి' అని అడుగుతూనే ఉన్నారు. ఆమె బ్యాటరీ ఆ ప్రశ్నకే అయిపోయింది.

"ఇప్పుడు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో చెప్పేయండమ్మా," అన్నాడు ఫ్లాతెబో. "గడి ఖాళీగా ఉంటే తెర ఎర్రగా అవుతుంది. ఎర్రగా అయితే నేను అక్కడిదాకా రావాలి."

రావ్‌నా మంచు వైపు చూసింది.

"పదమూడు పాయింట్ ఆరు," అంది.

ఫ్లాతెబో ఆ అంకె కొట్టిన చప్పుడు ఫోనులో వినపడింది. ఇక ఎరుపు రాదని, కృతజ్ఞతలని, జాగ్రత్తగా ఉండమని చెప్పి పెట్టేశాడు. ఎరుపు లేదు కాబట్టి సీలు చూడడానికి కూడా ఎవరూ రాలేదు.

ఇరవై రెండున రావ్‌నా మంద బయలుదేరింది. ఇరవై మూడు మధ్యాహ్నానికి నది దగ్గరికి చేరింది. అప్పటికి ఆమె ఇంజను ముప్పై మూడుసార్లు ఆపి ముప్పై మూడుసార్లు స్టార్టు చేసింది. నది నడిమధ్య మంచు పైకి నీళ్లు వచ్చి చీలమండ లోతున నిలిచాయి. గంట కట్టిన పెద్దజింక ఆ నీళ్ల అంచున ఆగింది. దాని వెనక మంద ఆగింది. రావ్‌నా ఇంజను ఆపింది. గంట మోగలేదు. నీళ్ల కింద ఎక్కడో మంచు పిటపిటమంది. మంద చివర రెండు మూడు జింకలు తల వెనక్కి తిప్పాయి. ఆమె కదలలేదు. కొంతసేపటికి గంట ఒకసారి మోగింది, మళ్లీ మోగింది. పెద్దజింక నీళ్లలో కాలు పెట్టింది. తల తిప్పినవి కూడా ముందుకు తిరిగాయి. ఆమె మీట నొక్కింది. స్టార్టయింది.

సాయంత్రానికి మందంతా అవతలి వాలు మీద ఉంది. ఇరవై ఐదున నది విరిగింది. తాము మొదటినుంచీ ఇరవై ఐదే అన్నామని గట్టు మనుషులు చెప్పారు.

మిగతాది మునిసిపాలిటీ చరిత్ర. రావ్‌నా వరుసలో ఉన్న 13.6 మీద సంఘం ప్రత్యేకంగా చర్చించింది. పదమూడు సరే, పాయింట్ ఆరు ఏమిటని ఒక సభ్యుడు అడిగాడు. అది ఆరు నెలల చూలు కావచ్చని ఇంకో సభ్యుడు వివరించాడు. కాపరులు ఇంత సూక్ష్మంగా లెక్క చెప్పడం పథకం సాధించిన విజయమని తీర్మానించారు. రెండో దశలో ప్రతి భద్రతా పెట్టెకూ సొంతంగా ఒక పెద్ద బ్యాటరీ ఇవ్వాలని కూడా తీర్మానించారు. స్కూటర్ బ్యాటరీ సంగతి ఏప్రిల్ పద్నాలుగునే తేలిపోయింది కాబట్టి దాన్ని మళ్లీ తిరగదోడలేదు.

మే నెలలో మేయర్ పారదర్శకత దినం జరిపింది. ఆ సందర్భంగా ముప్పై ఏడు కుటుంబాల పేర్లనూ, ఒక్కో పేరు ఎదురుగా జింకల సంఖ్యనూ మునిసిపాలిటీ తన వెబ్ పేజీలో పెట్టింది. ఊరు భగ్గుమంది. దుకాణం దగ్గర, పెట్రోలు బంకు దగ్గర, ఆదివారం చర్చి మెట్ల మీద అందరూ ఒకటే మాట. ఇది మన పెంపకం కాదు, ఇలాంటిది కళ్లతో చూడడం కూడా తప్పు. ఆ మాట అందరికన్నా గట్టిగా అన్న పెద్దమనిషి, చూడకూడనివాటిలో ఘోరమైనది పంతొమ్మిదో వరుసలో ఉందని కూడా చెప్పాడు. చాల్మియావ్రి జనాభా పదకొండు వందల నలభై. మొదటి వారంలో ఆ పేజీని నాలుగు వేల మూడు వందలసార్లు తెరిచారు.

జూన్ మొదట్లో హేయికా పడవ వేసుకుని వదిన దగ్గరికి వచ్చాడు. వాలు మీద జింకపిల్లలు తల్లుల వెంట తిరుగుతున్నాయి. రావ్‌నా నిప్పు రాజేసి కాఫీ పెట్టింది. అతను కప్పు అందుకుని చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నేనైతే ఆ పేజీ చూడలేదు వదినా. చూసినవాళ్లు అంటున్నారు. నీ పేరు ఎదురుగా పదమూడు పాయింట్ ఆరు ఉందట."

"ఉండనీ."

"ఉండనీ ఏమిటి. అన్నయ్య పరువు కూడా చూడాలి. పదమూడంటే జనం ఏమనుకుంటారు?"

"నీ పేరు ఎదురుగా వేసింది మాత్రం తప్పే," అంది రావ్‌నా నిప్పు ఎగదోస్తూ. "పదకొండు తక్కువ వేశారు. వాటి చెవిబిళ్లలు రాలిపోయి ఉంటాయి."

హేయికా కప్పు నోటిదాకా వెళ్లి ఆగింది. "అయితే నువ్వూ చూశావన్నమాట ఆ పేజీ."

"చూడలేదు. మొన్న వచ్చిన నర్సు నీ అంకె చెప్పింది, అంతే. సరైన లెక్క నాకు ఆ పేజీ ఎందుకు చెప్పాలి? ముప్పై నాలుగేళ్లుగా నీ మంద నా మంద పక్కనేగా మేస్తోంది."

హేయికా కాఫీ తాగుతూ వాలు వైపు చూస్తూ కూర్చున్నాడు. వదిన జింకలు మేస్తూ ఒకటొకటిగా రాతిగుట్ట దాటుతున్నాయి. అతని పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. రావ్‌నా అతని చూపుకు అడ్డం లేకుండా కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

పెంపకం ఉన్న మనబోటివాళ్లం ఇలాంటి చోట తల అటు తిప్పుకుంటాం. లెక్క పూర్తయ్యాక.